ముక్క దొరికేదాకా కొత్త టర్బో బిగించకండి

టర్బో విరిగిన కారు మా షెడ్డుకు వస్తే యజమాని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కొత్తది ఎంతవుతుందండీ?" నేను అడిగేది వేరు. దీన్ని విరగ్గొట్టిన వస్తువు ఏది? అది ఇప్పుడు ఎక్కడుంది? ఈ రెండూ తేలకుండా కొత్తది బిగిస్తే పాతది పోయిన దారినే అదీ పోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో టర్బోలు విప్పి బాగుచేయడమే నా పని. లోపల ఏదో పడి దెబ్బతిన్న టర్బోను ఎలా గుర్తించాలో, అసలు పడకుండా ఏం చేయాలో రాస్తున్నాను. సొంత కారు తనే చూసుకునేవారికీ, కొత్తగా షెడ్డు పెట్టినవారికీ పనికొస్తుంది.

టర్బోలో ఒకే షాఫ్టుకు రెండు కొసల్లో రెక్కల చక్రాలు ఉంటాయి. ఇంజను పొగ ఒకదాన్ని తిప్పుతుంది, రెండోది గాలిని ఇంజను లోపలికి నెడుతుంది. పొగ వైపుది నికెల్ కలిసిన గట్టి లోహం, గాలి వైపుది అల్యూమినియం. చిన్న కార్లలో ఇవి నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతాయి. అరచేతిలో పట్టే ఆ చక్రం అంచు అప్పుడు ధ్వని కంటే వేగంగా కదులుతుంటుంది. ఆ వేగంలో చిన్న వాషరు తగిలినా చాలు.

ఇంజను పూర్తిగా చల్లారాక గాలి పైపు విప్పి, టార్చి వేసి రెక్కల ముందు అంచులు చూడండి. తొందర లేకుండా, చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ ఒక్కో రెక్కా చూడాలి. నట్టు, బోల్టు, వాషరు లాంటి గట్టి వస్తువు పడితే అంచులు కొరికేసినట్టు పళ్లుపళ్లుగా ఉంటాయి, ఒకటి రెండు రెక్కలు మొదలంటా పోయి ఉండవచ్చు. గుడ్డపేలిక, రబ్బరు, ఫిల్టరు కాగితం పడితే రెక్కలు సాధారణంగా విరగవు, ఒంగుతాయి. సన్న ఇసుక చాలాకాలం లోపలికి పోతే దెబ్బ గుర్తు ఎక్కడా కనిపించదు, అంచు నున్నగా అరిగి పలచబడుతుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల వైపు, ఇబ్రహీంపట్నం బూడిద లారీల దారిలో రోజూ తిరిగే బళ్ల రెక్కలను ఈ మూడో రకం కోసం ప్రత్యేకంగా చూడండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ముందు అంచులు శుభ్రంగా ఉండి, రెక్కల పక్క కొసలు మాత్రమే గీసుకుపోయి, చుట్టూ ఉన్న గోడ మీదా గీతలు ఉంటే లోపల ఏమీ పడలేదు. బేరింగు అరిగి చక్రం గోడకు తగిలింది. ఆ జబ్బుకు మూలం ఆయిల్‌లో వెతకాలి, ఫిల్టరులో కాదు. షాఫ్టును పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా ఆడుతుంది. మామూలు బేరింగు ఆయిల్ పొర మీద తేలేది కాబట్టి అది సహజం. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు.

ఒంగిన రెక్కను ప్లయరుతో సరిచేసి ఇస్తామనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు దండం పెట్టి వచ్చేయండి. కంటికి తిన్నగా కనిపించినా బ్యాలెన్సు తప్పుతుంది. ఆ అదురుకు బేరింగు, ఆ తర్వాత ఆయిల్ సీలు పోతాయి. చక్రం మార్చినా, లోపలి కోర్ (చక్రాలు, షాఫ్టు, బేరింగులు కలిసిన భాగం) మొత్తం మార్చినా బ్యాలెన్సింగ్ మెషిను మీద చూపించిన తర్వాతే బిగించాలి.

ఇక ముక్కల వేట. గాలి వైపు చక్రం విరిగితే ఆ అల్యూమినియం పలుకులు గాలితో పాటు ఇంటర్‌కూలర్‌లోకి, అంటే టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే జాలీలోకి పోతాయి. సన్నని సందుల్లో ఇరుక్కుని, కొన్నాళ్లకు ఒక్కొక్కటిగా ఊడి ఇంజనులోకి దిగుతాయి. కుర్రాళ్లు ఇంటర్‌కూలర్ నోట్లో అయస్కాంతం పెట్టి చూసి "ఏమీ లేదన్నా" అంటారు. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు! నేను చేసేది ఇది: ఇంటర్‌కూలర్ దించి, కిరోసిన్ పోసి రెండు నోళ్లూ మూసి, నాలుగు వైపులకూ బాగా కుదుపుతాను. తర్వాత గాలి బయటికి పోయే నోటిని కిందికి పెట్టి, పాత తెల్ల పంచె మీద వంపుతాను. పంచెను ఎండలో పరిచి వాలుగా చూస్తే ఇసుక రేణువంత పలుకూ తళుక్కుమంటుంది. తళుకు ఆగిపోయేదాకా ఇదే పని. ఎంతకూ ఆగకపోతే ఇంటర్‌కూలర్ మార్చేయడమే. పైపులు, సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మ్యానిఫోల్డ్ కూడా చూడాలి. రబ్బరు పైపుల లోపలి గోడకు గుచ్చుకున్న ముక్కలు చేతితో తడిమితేనే తెలుస్తాయి.

పొగ వైపు చక్రం దెబ్బతింటే కథ ఇంజనులోనే మొదలైనట్టు. డీజిల్ అయితే ఇంజెక్టరు కొన, హీటర్ ప్లగ్ కొన విరిగి ఉండవచ్చు. ఏ ఇంజనులోనైనా వాల్వు ముక్క, రింగు ముక్క కావచ్చు. సిలిండర్ల పొగను టర్బోకు తెచ్చే పాత మ్యానిఫోల్డ్ లోపల పెచ్చులూడిన తుప్పు కూడా ఆ పని చేస్తుంది. ప్లగ్గులు విప్పి ఒక్కోదాని కొనా చూడండి, సిలిండర్లలోకి కెమెరా గొట్టం దించండి, కంప్రెషన్ కొలవండి. ఇంజను హెడ్ దించాక ఎమెరీ కాగితంతో రుద్ది, గాలీ పొగా పోయే పోర్టులు కడగకుండా ఎక్కిస్తే ఆ పొడి నేరుగా టర్బోకు పోతుంది. విరిగిన రెక్కలు వెళ్లి సైలెన్సర్ ముందు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చిక్కుకుంటాయి, అదీ తెరిచి చూడాలి.

బిగించేటప్పుడు ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కొత్తవి వేయండి. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నపైపును కడిగి సరిపెట్టకుండా మార్చడమే మేలు. ప్యాకింగ్ బదులు సిలికాన్ గమ్ము పూయవద్దు, ఊడిన గమ్ము ఆయిల్ దారి మూస్తుంది. స్టార్టు చేసే ముందు ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి షాఫ్టును చేత్తో తిప్పాలి. స్టార్టయ్యాక కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి.

అసలు పడకుండా చూడటం ఇంతకంటే తేలిక. పైపు విప్పిన మరుక్షణం టర్బో నోటికి మూత పెట్టండి. మూత లేకపోతే గట్టి టేపు వేయండి. బనియన్ వేస్టు (చేతులు తుడుచుకునే గుడ్డపేలికలు) మాత్రం కుక్కకండి. షెడ్డుల్లో నాకు అన్నిటికంటే చికాకు తెప్పించేది అదే. కుక్కినవాడు టీకి పోతాడు, బిగించేవాడికి లోపల గుడ్డ ఉందని తెలియదు. విప్పిన నట్లు, వాషర్లు, క్లిప్పులు ఒక పళ్లెంలో వేసి, చివర పళ్లెం ఖాళీ అయిందో లేదో చూసుకోండి. ఒక్కటి తక్కువైనా స్టార్టు చేయవద్దు.

ఫిల్టరు డబ్బా తెరిచే ముందు మూత మీద దుమ్ము తుడవండి, ఫిల్టరు తీశాక అడుగున ఉన్నది వ్యాక్యూమ్‌తో లాగేయండి. గుంటూరు నుంచి వచ్చే ఒక మిర్చి వ్యాపారి "నెలనెలా ఫిల్టరుకు గాలి కొట్టిస్తున్నానండీ, ఇంకేం కావాలి?" అని నాతో వాదిస్తుంటారు. కంప్రెసర్ గాలికి ఫిల్టరు కాగితం కంటికి కనిపించనంత చిరుగుతుంది, ఆ చిరుగుల్లోంచి దుమ్ము దర్జాగా పోతుంది. కొత్త ఫిల్టరు ఖర్చు టర్బో ముందు ఏపాటిది? గోదాముల దగ్గర పెట్టే బళ్లకు ఎలుకల బెడద ఒకటి. ఫిల్టరు కొరికి, డబ్బాలో పత్తి, గోనె పీచు, మిరప తొడిమలు చేరుస్తాయి. బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే స్టార్టు చేసే ముందు డబ్బా తెరిచి చూడండి.

దారిలో ఉండగా సైరన్ లాంటి కూత మొదలై, పికప్ పడిపోతే పక్కకు ఆపేయండి, ఇంటిదాకా లాక్కురావద్దు. డీజిల్ బండి ఒక్కోసారి సీలు పోయి తన ఆయిల్ తానే తాగి, తెల్లటి పొగతో దానంతట అదే రెచ్చిపోతుంది. తాళం తీసినా ఆగదు. గేర్ల బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను ఆగుతుంది. ఆటోమేటిక్ అయితే అందరినీ దింపి దూరంగా వెళ్లండి. బానెట్ ఎత్తి చేయి పెట్టకండి.

బాగు చేయించుకున్న బండికి వారం తర్వాత ఒకసారి పైపు విప్పి రెక్కలు చూపించుకోండి. ఇంటర్‌కూలర్ అడుగు పైపులో చేరిన ఆయిల్‌నూ పంచె మీద వంపమనండి. తళుకు కనిపిస్తే అది మిగిలిపోయిన పలుకే, మళ్లీ కడగాల్సిందే.