బారికేడ్ అన్న మాట ఎక్కడ వాడాలి?

నేను హైదరాబాద్‌లో ప్రూఫులు దిద్దుతాను. ‘బారికేడ్’ కనబడితే ముందు చూసేది, అడ్డం పెట్టింది ఎవరని. ఫ్రెంచిలో ‘బారిక్’ అంటే పీపా. 1588 మే 12న పారిస్ జనం పీపాల్లో మట్టి, రాళ్లు నింపి రాజు సైన్యానికి వీధులు మూసేశారు. అలా మొదట అది జనం చేతి అడ్డు. ఇప్పుడు నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ మీద పోలీసులు వరసగా నిలబెట్టే ఇనప చట్రాలకూ అదే పేరు. అందుకే ‘బారికేడ్లు వెలిశాయి’ అని రాయకండి. ‘పోలీసులు బారికేడ్లు పెట్టారు’, ‘బస్తీవాళ్లు టైర్లు, బండరాళ్లతో బారికేడ్ కట్టారు’ అనండి.

మొన్న మా గల్లీలో మూతలేని మ్యాన్‌హోల్‌లో ఎవరో వేపకొమ్మ గుచ్చి, ఎర్రగుడ్డ కట్టారు. దారి మూయలేదు, మనిషిని కాపాడింది. దాన్ని ‘గుర్తు’ అనాలి. బహువచనం ‘బారికేడ్లు’. ‘బారికేడ్స్‌లు’ వద్దు.