కొత్త వంటింట్లో పాత గోడ: బ్యాక్‌స్ప్లాష్ సమస్యలు - పరిష్కారాలు

వంటింట్లో మిగతావన్నీ బాగానే ఉంటాయి. అల్మరాలు బాగుంటాయి, గట్టు రాయి బాగుంటుంది. ఆ రెండిటి మధ్య స్టవ్ వెనక ఉన్న ఒకటిన్నర అడుగుల గోడ మాత్రం ఆ ఇల్లు ఏ కాలంలో కట్టారో చెప్పేస్తుంది. ఆ గోడకి వేసే పలకనే బ్యాక్‌స్ప్లాష్ అంటున్నాం. మేస్త్రీలు డాడో అంటారు. ఏది వేస్తే పదేళ్ల తర్వాత కూడా పాతగా అనిపించదు అని అడిగేవాళ్లకి నేను మెటీరియల్ పేరు వెంటనే చెప్పను. ముందు వాళ్ల పాత గోడ ఎందుకు పాతబడిందో చూడమంటాను. కారణం తెలియకుండా కొత్తది వేస్తే అదే తప్పు ఇంకో రంగులో తిరిగొస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష

స్టవ్ పక్కన ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ముక్కని ఎంచుకోండి. జిడ్డు వదిలించే లిక్విడ్ రాసి పది నిమిషాలు ఆగి, పాత టూత్ బ్రష్‌తో టైల్ మీద, టైళ్ల మధ్య సందుల్లో బాగా రుద్ది తుడవండి. తర్వాత ఆరేడు అడుగులు వెనక్కి వచ్చి చూడండి. ఆ ముక్క మిగతా గోడకంటే కొత్తగా కనిపిస్తే మీ సమస్య మురికి, టైల్‌ది తప్పు లేదు. శుభ్రం చేశాక కూడా అది ఎప్పటిదో డిజైన్ అనిపిస్తే సమస్య ఎంపికలో ఉంది. ఈ రెండిటికీ మందు వేరు. మురికి సమస్యకి గోడ పగలగొట్టించుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

సమస్య: టైల్ మెరుస్తూనే ఉంది, గోడ మాత్రం మాసినట్టుంది

కారణం గ్రౌట్. టైల్ మీద గ్లేజు గాజులాంటిది, నూనెని లోపలికి పోనివ్వదు. మధ్యలో నింపే సిమెంట్ గ్రౌట్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, అది నూనెని పీల్చుకుంటుంది. మా పాత వంటింట్లో స్టవ్ వెనక అంగుళం గాజు మొజాయిక్ వేయించుకున్నాం. తెల్ల గ్రౌట్ నింపారు. ఏడాది తిరక్కుండానే స్టవ్ వెనక రెండడుగుల మేర లేత గోధుమ రంగుకి వచ్చింది. ఒక రాత్రి కూర్చుని దగ్గరగా చూశాను. గుడ్డ గాజు మీద జారిపోతోంది, ప్రతి అంగుళానికీ ఒక సందు దగ్గర పట్టుకుంటోంది. గాజు ముక్క ఒక్క తుడుపుకి మెరిసింది. దాని చుట్టూ ఉన్న నాలుగు గీతలు ఎంత రుద్దినా అలాగే ఉన్నాయి.

అప్పుడు లెక్క వేశాను. అంగుళం మొజాయిక్ వేస్తే ఒక చదరపు అడుగు గోడలో 24 అడుగుల గ్రౌట్ గీత ఉంటుంది. అదే 3×6 అంగుళాల టైల్ అయితే 6 అడుగులు. 12×24 అంగుళాల టైల్ అయితే ఒకటిన్నర అడుగు. నూనె పీల్చే గీత ఎంత తక్కువుంటే గోడ అంతకాలం కొత్తగా ఉంటుంది. టైల్ ఎంచుకునేటప్పుడు డిజైన్ కంటే ముందు చూడాల్సిన లెక్క ఇదే అని నా గట్టి నమ్మకం.

పరిష్కారం మూడు మెట్లలో వెళ్లండి. మొదట జిడ్డు వదిలించే క్లీనర్, నైలాన్ బ్రష్. వెనిగర్, యాసిడ్ వాడొద్దు, అవి సిమెంట్‌నే తినేస్తాయి. గ్రౌట్ అసలు రంగుకి వస్తే బాగా ఆరనిచ్చి పైన సీలర్ (సన్న రంధ్రాల్లోకి మరక దిగకుండా ఆపే ద్రవం) రాయండి. మరక లోపలికి దిగిపోయి ఉంటే రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గ్రౌట్‌ని గీకించి ఎపాక్సీ గ్రౌట్ (సిమెంట్ బదులు రెజిన్ అనే జిగురుతో చేసినది) నింపించండి. ఎపాక్సీ నూనెని పీల్చదు, సీలర్ అవసరం లేదు. కానీ త్వరగా గట్టిపడుతుంది. టైల్ మీద అంటిన పొర తడిగా ఉండగానే తుడవకపోతే తర్వాత గీకలేక ప్రాణం పోతుంది. అందుకే ఇంతకుముందు ఎపాక్సీ పని చేసిన మేస్త్రీనే పిలవండి.

గ్రౌట్ రంగు టైల్ రంగుకి దగ్గరగా, ఒక పిసరు ముదురుగా ఉండాలి. స్టవ్ వెనక పాలలాంటి తెలుపు నిలవదు. తెల్ల టైల్‌కి నల్ల గ్రౌట్ వేస్తే మురికి కనపడని మాట నిజమే. కానీ కంటికి టైల్ కనపడదు, గళ్లు కనపడతాయి. ఆ గళ్ల గోడ ఒక కాలపు ఫ్యాషన్‌గా గుర్తుండిపోతుంది.

సమస్య: శుభ్రంగానే ఉంది, అయినా పాతకాలం ఇల్లులా ఉంది

కారణం చాలాసార్లు హైలైటర్లు. సాదా టైళ్ల మధ్య కప్పు బొమ్మ, పళ్ల బుట్ట బొమ్మ ఉన్న టైల్ ఒకటి. లేదా గోడ పొడుగునా గాజు, రాయి ముక్కలు కలిపిన మొజాయిక్ పట్టీ ఒకటి. సాదా టైల్‌కి వయసు తెలియదు, దాని మధ్యలో పెట్టిన అలంకారానికి తెలుస్తుంది. రంగుకీ ఇదే బాధ. 1970ల్లో అమెరికా వంటిళ్లలో ఆవకాడో పచ్చ, పండిన గోధుమ చేను పసుపు రాజ్యమేలాయి. ఈరోజు ఆ రంగులు చూడగానే ఆ దశాబ్దమే గుర్తొస్తుంది. 2010ల్లో అంతటా బూడిద రంగు వచ్చింది, ఇప్పుడు పాతబడటం దాని వంతు.

పాతబడని టైల్ ఎలా ఉంటుందో తెలియాలంటే సబ్‌వే టైల్‌ని చూడాలి. న్యూయార్క్ సబ్‌వే 1904 అక్టోబర్ 27న మొదలైంది. ఆ స్టేషన్లు రూపొందించిన జార్జ్ హైన్స్, క్రిస్టఫర్ గ్రాంట్ లాఫార్జ్ గోడలకి 3×6 అంగుళాల తెల్ల గ్లేజు టైల్స్ వేయించారు. నేల కింద వెలుతురు తక్కువ కాబట్టి కాంతిని తిప్పి కొట్టాలి, జనం తాకిడికి మాసిపోతాయి కాబట్టి ఒక్క తుడుపుకి శుభ్రపడాలి. ఈ రెండు అవసరాలు వంటింటి గోడకీ ఉన్నాయి. అందుకే 120 ఏళ్లు దాటినా ఆ టైల్ నడుస్తోంది. అలాగని సబ్‌వే టైల్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. అంచులు ఏటవాలుగా చెక్కినది, చేప ముల్లులా ఏటవాలు వరసల్లో పేర్చినది ఆయా ఫ్యాషన్లతోనే వచ్చాయి.

పరిష్కారం: మొజాయిక్ పట్టీ ఒక్కటే ఇబ్బంది పెడుతుంటే, మిగతా గోడకి వేసిన టైల్ ఇంకా దొరుకుతుంటే, ఆ వరుస ఒక్కటి తీయించి సాదా టైల్ వేయించొచ్చు. దొరకకపోతే పాత టైల్స్ మీదే పల్చటి పోర్సలిన్ (గట్టిగా కాల్చిన పింగాణీ) పలక అతికించే దారి ఉంది. ఇవి 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి. ముందు నాణెంతో ప్రతి టైల్‌నీ తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన టైల్ కింద సిమెంట్ వదిలేసినట్టే, దాన్ని తీసి ఆ చోటు నింపాకే పైన అతికించాలి. గ్లేజుని గరుకుగా రుద్దించడం, దానికి తగిన జిగురు వాడటం తప్పనిసరి. గోడ మందం పెరుగుతుంది కాబట్టి స్విచ్ బోర్డులు కూడా ముందుకి జరపాలి. ఈ సంగతి ఎలక్ట్రీషియన్‌కి పని మొదలయ్యేముందే చెప్పండి.

సమస్య: షాపులో చూసిన రంగు ఇంట్లో లేదు

కారణం వెలుతురు. బల్బు వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. 2700 నుంచి 3000 కెల్విన్ బల్బు పసుపు చాయ ఇస్తుంది, 6500 కెల్విన్ బల్బు నీలి చాయ ఇస్తుంది. ఒకే తెల్ల టైల్ మొదటి దాని కింద మీగడలా, రెండో దాని కింద సున్నంలా ఉంటుంది. రెండో కారణం పక్కనున్న గట్టు. గట్టు రాయిలో పసుపు చాయ ఉండి గోడ టైల్‌లో నీలి చాయ ఉంటే రెండూ ఒకదాన్నొకటి మురికిగా చూపిస్తాయి.

రెండు మూడు శాంపిల్ టైల్స్ ఇంటికి తెచ్చుకోండి. నేల మీద పరిచి చూడకండి, గోడకి నిలబెట్టి చూడండి. పడుకున్న టైల్ మీద, నిలబెట్టిన టైల్ మీద వెలుతురు పడే తీరే వేరు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక చూడండి. మూడు పూటలా నచ్చిందే కొనండి. ఒక వారం అక్కడే ఉంచితే ఇంకా మంచిది, రోజూ కనపడుతూ విసుగు తెప్పించేది ఏదో తేలిపోతుంది.

గాజు వెనక రంగు వేసిన పలక ఎంచుకున్నారా? మామూలు గాజులో ఇనుము ఉంటుంది, దానివల్ల ఆకుపచ్చ చాయ వస్తుంది. వెనక తెలుపు వేయిస్తే లేత పచ్చగా కనపడేది అందుకే. ఇనుము తగ్గించిన గాజు కావాలని అడగండి. స్టవ్ వెనక వేడికి టెంపర్డ్ గాజు (వేడి చేసి గట్టిపరిచినది) కావాలి, అది ఒకసారి టెంపర్ అయ్యాక కోయడానికి, రంధ్రం పెట్టడానికి వీలుకాదు. కొలతలు, స్విచ్ బోర్డు రంధ్రాలు అన్నీ ముందే ఖాయం చేసుకోండి.

సమస్య: పాలరాయి మీద వెలిసిన మచ్చలు

మచ్చ మీద వేలు పెట్టి చూడండి, పక్కనుంచి టార్చి కూడా కొట్టండి. రంగు మారి, మెరుపు అలాగే ఉంటే అది మరక. రంగు మారకుండా మెరుపు పోయి, వేలికి కాస్త గరుకుగా తగిలితే అది పులుపు తినేసిన గుర్తు. పాలరాయి కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్, టమాటా రసం చిందినచోట రాయే కొంచెం కరిగిపోతుంది. సీలర్ రాశాం కదా అనుకోవద్దు. సీలర్ మరకని ఆలస్యం చేస్తుంది, పులుపు పని దాంతో ఆగదు.

చిన్న మచ్చలు పాలరాయి పాలిషింగ్ పొడితో పోతాయి. నునుపు పాలిష్ బదులు మ్యాట్‌గా రుద్దిన పాలరాయి వేసుకుంటే మచ్చలు అంతగా తెలియవు. నిజమైన క్వార్ట్‌జైట్ అనే గట్టి సహజ రాయి, గ్రానైట్ ఈ పులుపులకి లొంగవు. అయితే క్వార్ట్‌జైట్ పేరుతో పాలరాయి అమ్మే సందర్భాలున్నాయి. శాంపిల్ ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పావుగంట ఆగి తుడవండి. మెరుపు తగ్గితే పేరు ఏదైనా సరే, అది పాలరాయిలాగే ప్రవర్తిస్తుంది.

ఫ్యాక్టరీలో తయారుచేసే ఇంజనీర్డ్ క్వార్ట్జ్ వేరే సంగతి. అందులో రాతి పొడిని పట్టి ఉంచేది రెజిన్. గ్యాస్ మంటకి మరీ దగ్గరైతే అది రంగు మారొచ్చు, పగుళ్లు పట్టొచ్చు. గట్టుకి వాడుకోండి, బర్నర్ల వెనక మాత్రం కంపెనీ వాళ్ల సూచన చదవకుండా వేయకండి.

సమస్య: ఏదో నకిలీలా ఉంది, ఎందుకో తెలియదు

గోడ మీద ఒకే చార మూడు చోట్ల కనపడుతోందేమో వెతకండి. రాయిలా ప్రింట్ చేసిన టైల్స్‌లో బొమ్మలు కొన్నే ఉంటాయి. మేస్త్రీ పెట్టెలోంచి వరసగా తీసి అతికిస్తే ఒకే బొమ్మ పక్కపక్కనే పడుతుంది. ఒకసారి కంటపడ్డాక ఇక అదే కనిపిస్తుంది. కొనేముందు ఎన్ని రకాల ముఖాలు ఉన్నాయో అడగండి. అతికించేముందు అన్నీ నేల మీద పరిచి, తిప్పి, మార్చి చూసుకోండి, ఫోటో తీసి మేస్త్రీకి ఇవ్వండి. ఇప్పటికే గోడకెక్కితే ఆ రెండు మూడు టైల్స్ మార్చడమే దారి.

చేత్తో చేసిన టైల్స్‌కి ఈ బాధ లేదు. మొరాకోలోని ఫెజ్‌లో తరతరాలుగా చేస్తున్న జెల్లీజ్ టైల్స్‌లో ఏ రెండూ ఒకలా ఉండవు. దాని ఎగుడుదిగుడు అంచులు ఇష్టమైతేనే వేసుకోండి, తుడవడం మాత్రం కష్టం.

సమస్య: టైల్ బాగుంది, పని బాగాలేదు

అల్మరా కింద లైటు వేయగానే టైల్ అంచులు ఒకదానిపై ఒకటి ఎత్తుపల్లాలుగా కనపడతాయి. గోడని ఒరుసుకుంటూ పడే వెలుతురు ప్రతి తేడానీ నీడగా చూపిస్తుంది. గోడ మట్టం చేయకుండా అతికించడమే కారణం. లైటుని గోడవైపు నుంచి అల్మరా ముందంచుకి జరిపితే నీడలు చాలావరకు తగ్గుతాయి. కొత్తగా వేయిస్తున్నవాళ్లు ఆ లైటు ముందే బిగించి, అది వెలుగుతుండగా టైల్ పని చేయించండి.

గట్టు, గోడ కలిసే మూలలో గ్రౌట్ పగిలిందంటే అక్కడ గ్రౌట్ నింపడమే తప్పు. గట్టు, గోడ వేర్వేరుగా కదులుతాయి. గీకి, ఆరబెట్టి, గ్రౌట్ రంగులోనే ఉన్న సిలికాన్ వేయించండి.

ఇంకా కొననివాళ్లకి

నన్నడిగితే గట్టుకి వాడిన రాయినే గోడ మీదకి అల్మరా దాకా ఎక్కించడం, లేదా ఒకే రంగులో సాదా పోర్సలిన్. పోర్సలిన్ నీటిని 0.5 శాతం మించి పీల్చదు. రంగు మీద ఇష్టం ఉంటే దాన్ని గోడకి కాకుండా డబ్బాలకీ, కర్టెన్‌కీ, అల్మరా పిడులకీ ఇవ్వండి. విసుగొస్తే ఒక పూటలో మార్చేసుకోవచ్చు. స్టీల్ పలక కావాలంటే బ్రష్ చేసిన 304 గ్రేడు తీసుకుని, ఆ గీతల దిశలోనే తుడవండి.

లెక్కకంటే పది శాతం ఎక్కువ టైల్స్ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి కొనండి. మిగిలినవి పెట్టెతో సహా దాచి, ఆ పెట్టె మీద షేడ్ నంబరు, గ్రౌట్ పేరు, దాని రంగు నంబరు మార్కర్‌తో రాసి పెట్టండి. ఏడేళ్ల తర్వాత ఒక టైల్ పగిలిన రోజున మేస్త్రీ మొదట అడిగేది ఆ మూడే.