వేసవిలో మేకప్ నిలవడం లేదా? ఫౌండేషన్ కింద ఏముందో ముందు చూడండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది గానీ, చలికాలపు క్రీము మాత్రం చాలామంది ముఖం మీద నుంచి పోదు. "అక్కా, నా ఫౌండేషన్ పాడైపోయింది, ఏది కొనమంటారు?" అని మార్చిలో అడిగేవాళ్లలో ఎక్కువమందికి కొత్తది అక్కర్లేదు. డబ్బులు తీసే ముందు, దాని కింద ఏమేం పూస్తున్నారో ఒకసారి లెక్క చూసుకోండి.

సమస్య: గంటలోపే ముక్కు పక్కన, పై పెదవి మీద కారిపోతోంది

కారణం ఆ చిక్కటి మాయిశ్చరైజరే. జెల్‌కి మారండి. విజయవాడ, విశాఖ ఉక్కలో పలచటి జెల్ సరిపోతుంది. హైదరాబాద్ పొడి ఎండలో బుగ్గలకు ఇంకాస్త పట్టొచ్చు. చెమట పడితే టిష్యూతో అద్దండి, తుడవకండి. జిడ్డు తీయకుండా పౌడర్ మీద పౌడర్ వేస్తే మడతల్లో పేరుకుంటుంది.

సమస్య: రాస్తుంటే పొట్టులా లేస్తోంది, బుగ్గల మీద ప్యాచ్‌లు పడుతున్నాయి

అసలు దొంగ ఇక్కడున్నాడు. ఫౌండేషన్ అదే, బ్రష్ అదే. జనవరిలో చక్కగా కూర్చున్నది ఏప్రిల్‌లో మొరాయిస్తుంది. అందరూ ముందు ఫౌండేషన్‌ని, తర్వాత తమ చర్మాన్ని, చివరికి మేకప్ వేసినమ్మాయిని తిట్టుకుంటారు. మారింది సన్‌స్క్రీన్ అని ఎవరికీ తట్టదు.

ఎండలు మొదలవగానే జిడ్డు వద్దని లోషన్ మానేసి, రాయగానే నున్నగా ఆరిపోయే మ్యాట్ జెల్ సన్‌స్క్రీన్ కొంటారు. చాలావాటిలో ఆ నున్నదనం సిలికోన్‌ది, అంటే నీళ్లతో కలవని జారుడు పదార్థానిది. దాని మీద మళ్లీ సిలికోన్ ప్రైమర్ (ఫౌండేషన్ నిలవడానికి ముందు రాసే పొర), ఆపైన నీళ్లు ప్రధానంగా ఉండే వాటర్ బేస్ ఫౌండేషన్. అది పట్టుకోదు, జారుతుంది. బ్రష్‌తో రుద్దేకొద్దీ కింద పొర కూడా లేచొస్తుంది.

లేబుల్ చూసి తేల్చేద్దామంటే అక్కడా మెలికే. డైమెథికోన్, సైక్లోపెంటాసిలాక్సేన్ లాంటి పేర్లు జాబితాలో పైనే ఉంటే సిలికోన్ బాగా ఉన్నట్టు. కానీ సిలికోన్ ఫౌండేషన్లలోనూ చాలాసార్లు మొదటి పేరు నీళ్లదే. అది చూసి వాటర్ బేస్ అనుకుంటే మోసపోతారు. లేబుల్ కన్నా చెయ్యి నయం: ముంజేతి మీద సన్‌స్క్రీన్ రాసి, 10 నిమిషాలు ఆరనిచ్చి, ప్రైమర్, ఫౌండేషన్ రోజూ వేసుకునే వరుసలోనే వేసి వేలితో రుద్దండి. పొట్టు లేస్తే ఆ జత కుదరదు. ఈ పరీక్ష పెళ్లికి వారం ముందే చేసుకోండి. ముహూర్తానికి గంట ముందు ఫోన్ చేస్తే ముఖం కడుక్కుని మొదటి నుంచి వేసుకోమనడం తప్ప నేను చెప్పగలిగేది ఉండదు.

పరిష్కారం ప్రైమర్ తీసేయడంతో మొదలుపెట్టండి. ఆ సన్‌స్క్రీనే ప్రైమర్ పని చేస్తుంది, చాలామందికి ఇక్కడితోనే సరి. అయినా లేస్తుంటే ఫౌండేషన్‌నీ సిలికోన్‌దే వాడండి, లేదా సన్‌స్క్రీన్ మార్చండి. బ్రష్ పక్కన పెట్టి, తడిపి పిండిన స్పాంజితో అద్దండి. జిగురుగా ఉండే సీరమ్ పొద్దున్నే ఎక్కువ రాసినా ఇదే గోల, దాన్ని రాత్రికి మార్చుకోండి. అంతేగానీ సన్‌స్క్రీన్ మానేయడం, చిటికెడు రాసి సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. రెండు వేళ్ల పొడవునా తీసుకుని, ఒకేసారి పులమకుండా రెండు విడతలుగా రాయండి.

సమస్య: మధ్యాహ్నానికి షేడ్ మారిపోతోంది

చర్మం జిడ్డుతో కలిసి కొన్ని ఫౌండేషన్లు ముదురుతాయి. కొనేటప్పుడు మణికట్టు మీద కాదు, దవడ మీద రాసి, 20 నిమిషాలాగి, షాపు బయట వెలుతురులో చూడండి. పొద్దున్న ఫౌండేషన్ వేయగానే మెడకీ ముఖానికీ తేడా ఉందంటే మీరు ట్యాన్ అయ్యారు, డిసెంబర్ షేడ్ ఇప్పుడు పనికిరాదు. ఉన్నదాంట్లో ఒక షేడ్ ముదురుది కలుపుకుంటే చాలు, రెండు సీసాలు వానాకాలానికీ పనికొస్తాయి.

ఫొటోల్లో ముఖం తెల్లగా పడుతోందా? పౌడర్‌లోని సిలికా గానీ, సన్‌స్క్రీన్‌లోని జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ గానీ కావచ్చు. బయల్దేరే ముందు ఫ్లాష్ వేసి ఒక సెల్ఫీ తీసుకుంటే తెలిసిపోతుంది. ఇక ఫౌండేషన్ నిజంగానే పాడవడం అరుదు. వాసన మారినా, ఊపినా కలవకపోయినా పారేయండి. లిప్‌స్టిక్ మీద చెమట బొట్లు కనిపిస్తే టిష్యూతో అద్ది వాడుకోవచ్చు. ఎండలో పెట్టిన కారులో మాత్రం దాన్ని వదిలేయకండి.