రేడియేషన్ భద్రత – 4వ పాఠం: గ్లవ్స్ విప్పడం

ఈసారి షీల్డింగ్ (రేడియేషన్‌కు అడ్డు పెట్టడం) మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చూశాక కుదరదని తేలింది. రేడియోధార్మిక సోర్సుకు 10 సెంటీమీటర్ల దూరంలో డోసు (ఒంటికి తగిలే రేడియేషన్) గంటకు 400 మైక్రోసీవర్ట్‌లుంటే మీటరు దూరంలో ఎంత అంటే చాలామంది 40 అన్నారు. కాదు, 4. దూరం పది రెట్లయితే డోసు వందో వంతు. సోర్సును వేళ్లతో కాకుండా పొడవాటి టాంగ్స్‌తో పట్టుకోమనేది అందుకే.

లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. నాకు చిరాకు తెప్పించింది వేరే ప్రశ్న: "దూరం జరిగితే చాలు కదా, గ్లవ్స్ చెక్ చేయడమెందుకు?" సీల్డ్ సోర్సయితే (పదార్థం బయటికి రాకుండా మూసేసి ఉంటే) సరే. గ్లవ్ మీద రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 చుక్క పడిందనుకోండి, మీరెంత దూరం జరిగినా అది మీ వెంటే వస్తుంది. అదే చేత్తో కళ్లజోడు సర్దుకుంటారు, ఫోను తీస్తారు, ఫ్రిజ్ తలుపు లాగుతారు. మర్నాడు ఆ తలుపు ఇంకొకరు ఉత్తచేత్తో పట్టుకుంటారు. రేపటికి పోతుందిలే అనుకోవద్దు, దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 14.3 రోజులు.

మే నెలలో మన విశాఖ ఉక్కపోతకి గ్లవ్ లోపల చెయ్యి తడిసి ముద్దయి రబ్బరు అంటుకుపోతుంది. విసుగొచ్చి వేళ్ల కొసలు పట్టి పీకేస్తారు. చేతికి అంటేది అప్పుడే.

విప్పకముందే జీఎం మీటరు (రేడియేషన్‌ను పసిగట్టే గైగర్-ముల్లర్ పరికరం) ప్రోబ్‌ను గ్లవ్‌కి సెంటీమీటరు ఎడంగా, మెల్లగా తిప్పండి. నేనైతే ముల్లు చూడను, టిక్కుటిక్కు శబ్దమే వింటాను. ముందు గది బ్యాక్‌గ్రౌండ్ (ఏ సోర్సూ లేకపోయినా ఉండే రేడియేషన్) రాసుకోండి, మీటరు ఎక్కడా సున్నా చూపదు. భీమిలి నల్ల ఇసుకలో మోనజైట్ ఖనిజం, అందులో రేడియోధార్మిక థోరియం ఉన్నాయని మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) ఈ మీటరుకు దొరకదు, దానికి వైప్ టెస్టే (తుడిచిన కాగితాన్ని వేరే యంత్రంలో కొలవడం).

మణికట్టు దగ్గర బయటివైపు పట్టి మొదటి గ్లవ్‌ను లోపలిది బయటికొచ్చేలా లాగి, రెండో చేతి గుప్పిట్లో ఉంచండి. ఉత్తవేలు రెండో గ్లవ్ లోపలికి దూర్చి అలాగే తిప్పేయండి. చర్మానికి అంటితే గోరువెచ్చని నీళ్లు, సబ్బు చాలు. బ్రష్‌తో రుద్దొద్దు. ఆర్‌ఎస్‌ఓకి (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి) వెంటనే చెప్పండి.

సాధన: పసుపులో నూనె కలిపి గ్లవ్స్‌కి పూయండి. పది నిమిషాలు పైపెట్‌తో నీళ్లు మార్చండి, మధ్యలో పక్కవాళ్లు మీ ఫోనుకు రింగివ్వాలి. తర్వాత విప్పండి. మణికట్టు, కోటు అంచు, స్టూలు, ఎక్కడ పసుపు కనబడినా మళ్లీ మొదటినుంచి. వరసగా ఐదుసార్లు మరక లేకుండా వస్తేనే షీల్డింగ్ పాఠానికి రండి. ఫాస్ఫరస్-32కి సీసం కాకుండా సెంటీమీటరు మందం అక్రిలిక్ ఎందుకు వాడతారో ఈలోపు ఆలోచించండి.