వ్యాయామం నుంచి రాగానే వేసే ఆకలికి

సాయంత్రం వ్యాయామం ముగించి ఇంటికి రాగానే ఆగలేనంత ఆకలి వేసేది. బూట్లు కూడా విప్పకుండా, నిలబడే సగం బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసేవాణ్ణి. ఆ తర్వాత భోజనం మామూలే!

ఇప్పుడు కొత్తగా ఏమీ తినడం లేదు, ఉన్నదాన్నే జరిపాను. మధ్యాహ్నం భోజనంలో నాలుగో వంతు డబ్బాలో పెట్టుకుని, వ్యాయామానికి గంటన్నర ముందు తింటాను. డబ్బా గొడవ వద్దనుకుంటే అరటిపండు చాలు, కానీ మధ్యాహ్నం ఆ మేరకు తగ్గించాలి. ఇది మరిచిపోతే అంతా వృథా, ఎందుకంటే కొవ్వు తగ్గేది రోజు మొత్తం ఎంత తిన్నామన్నదాన్ని బట్టే గానీ గడియారాన్ని బట్టి కాదు. తిరిగి రాగానే పెద్ద గ్లాసు నీళ్లు, స్నానం, గంటలోపే రాత్రి భోజనం. అందులో గుడ్లో పెరుగో ముందు తింటే త్వరగా కడుపు నిండినట్టు ఉంటుంది. మధ్యలో చిరుతిండి లేదు.

రాత్రి బాగా పొద్దుపోయాక వ్యాయామం చేసేవాళ్లకు ఇది కుదరదు. వాళ్లు భోజనం ముందే కానిచ్చి, 2-3 గంటలు ఆగి మొదలుపెట్టడం నయం. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం వేళలు మార్చే ముందు డాక్టర్‌ని అడగండి, మధ్యలో షుగర్ పడిపోవచ్చు.