ఫ్రాంచైజీ కాగితం మీద సంతకానికి ముందు

మా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవాళ్లకి ‘రేవు పాట’, అంటే రేవు వేలం, కొత్త కాదు. పాట పాడుకున్నవాడికే ఆ గడువు వరకూ జనాన్ని దాటించి డబ్బు తీసుకునే హక్కు. గోదారి మాత్రం వాడిది కాదు. మా తమ్ముడు టీ కొట్టు ఫ్రాంచైజీ, అంటే వేరేవాళ్ల బ్రాండు పేరుతో కొట్టు నడుపుకునే హక్కు, అంటూ కాగితాలు తెచ్చినప్పుడు ఇదే చెప్పాను.

ఫ్రాంచైజీ అన్న మాట పాత ఫ్రెంచిది. ‘ఫ్రాంక్’ అంటే స్వేచ్ఛ గల అని. ఇంగ్లండులో సంత పెట్టడానికి, రేవు నడపడానికి రాజు ఇచ్చే ప్రత్యేక హక్కుకీ అదే పేరు. ఇప్పుడు రాజు స్థానంలో బ్రాండు యజమాని ఉన్నాడు.

అందుకే ముందు ఆ పేరు నిజంగా వాళ్లదేనా చూడండి. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అదీ చూసుకోండి.

తర్వాత హద్దు. ‘అమలాపురం’ అని రాస్తే చాలదు. ఎన్ని కిలోమీటర్ల లోపు ఇంకో కొట్టు ఇవ్వరో అంకె వేయించండి. తమ్ముడి కాగితంలో ఆ మాటే లేదు, రాయించేదాకా నేను సంతకం పెట్టనివ్వలేదు.

పేరు వాడుకున్నందుకు బ్రాండు యజమానికి కట్టే రాయల్టీ అమ్మకం మీదా, లాభం మీదా? అమ్మకం మీదైతే నష్టం వచ్చిన నెల కూడా కట్టాల్సిందే. గడువు తీరాక డిపాజిట్ ఎన్నాళ్లకి తిరిగిస్తారో కూడా రాయించుకోండి.