రోడ్డు పక్కన మట్టి పరీక్ష – 3వ పాఠం: దెబ్బలు లెక్కపెట్టేటప్పుడు రోడ్డును ఎవరు చూస్తారు?

గత పాఠంలో నేల కింద ఏమున్నదో తెలుసుకున్నాం. 2023 మార్చిలో వచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో సమాచారం ఇవ్వడం, తరువాత చేతిపారతో పరీక్ష గుంత తీసి కేబుళ్లు, పైపులు లేవని కళ్లారా చూసుకోవడం అయింది. ఇక బోరులో గొట్టాన్ని సుత్తితో కొట్టి దింపుతూ, ఎన్ని దెబ్బలకు దిగిందో లెక్కపెట్టి మట్టి గట్టిదనం తెలుసుకోవాలి. అందుకు సుత్తిని మోకుతో ఎత్తే మూడు ఇనుప కాళ్ల చట్రాన్ని, అంటే ట్రైపాడ్‌ను, నిలబెడదాం.

ముందు తలెత్తి చూడండి. మన ట్రైపాడ్ ఎత్తు సాధారణంగా ఐదారు మీటర్లు. రోడ్డు అంచునే 11 కేవీ తీగలు పోతుంటాయి. ఇనుప కాలు తీగకు తగలనక్కరలేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. పరీక్ష చేయాల్సిన పాయింటు తీగల కింద పడితే ఇంజినీరుకు చెప్పి పాయింటునే జరపండి. కొత్త స్థానాన్ని రిపోర్టులో రాస్తే సరిపోతుంది. ట్రైపాడ్‌ను నిలువుగా ఉంచి మరో చోటికి ఈడ్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. దించి, మోసుకెళ్లి, మళ్లీ ఎత్తండి.

ఇప్పుడు రోడ్డు సంగతి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేందుకు మన రోడ్ల ప్రమాణాలు రెండున్నర సెకన్లు లెక్కగడతాయి. అంటే బ్రేకు పడకముందే 55 మీటర్లు! ఆ 55 కలుపుకుని పూర్తిగా ఆగేందుకు 120 మీటర్లు కావాలి. అందుకే రిగ్గు (ట్రైపాడ్, ఇంజిను కలిసిన మన యంత్రం) పక్కన నాలుగు కోన్లు పెట్టి ఊరుకుంటే అది రక్షణ కాదు. హెచ్చరిక బోర్డు 120 మీటర్లకన్నా చాలా ముందే ఉండాలి, కోన్లు ఏటవాలుగా వాహనాన్ని పక్కకు మళ్లించాలి. మన బండిని వాహనాలు వచ్చే దిక్కున రిగ్గుకు అడ్డంగా నిలపండి, అందులో ఎవరూ కూర్చోకూడదు.

ఇక అసలు పని. 63.5 కిలోల సుత్తి, 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. గొట్టం 45 సెంటీమీటర్లు దిగాలి, చివరి 30 సెంటీమీటర్లకు పడ్డ దెబ్బలే లెక్కలోకి వస్తాయి. ఒక్కసారి ఆ బృందాన్ని గమనించండి. మోకు లాగేవాడి చూపు సుత్తి మీద ఉంటుంది. లెక్క రాసేవాడి చూపు రాడ్డు మీది సుద్దగీతల మీద ఉంటుంది. ఇంజిను మోతలో హారన్ వినబడదు. పని ఎంత శ్రద్ధగా చేస్తే రోడ్డును అంతగా మరిచిపోతారు. అందుకే రోడ్డును చూడటానికి ఒక మనిషి కావాలి. అతడికి మరే పనీ చెప్పకూడదు. నేనొకసారి ఆ మనిషిని నీళ్లు తెమ్మని పంపాను. అతడు తిరిగి వచ్చేలోపే ఒక లారీ మూడు కోన్లను తొక్కుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, తప్పు నాదే. ఆ రోజు నుంచి నీళ్ల డబ్బా ఉదయాన్నే రిగ్గు దగ్గరికి చేరుతోంది.

అతడి చేతిలో ఈల ఉండాలి. ఒక పొడవాటి ఈల వినబడితే అన్నీ వదిలేసి పొలం వైపు పరుగెత్తాలి. మోకు సైతం వదిలేయాలి. దాన్ని చేతికి చుట్టుకోకూడదని చెప్పేది ఇందుకు కూడా. మెడలో తువ్వాలు, వేలాడే లుంగీ మోకును లాగుతూ తిరిగే వించ్ దగ్గరికి రానివ్వొద్దు. సుద్దగీతలు గీసేటప్పుడు, భోజనానికి వెళ్లేటప్పుడు సుత్తి దాగలి (దెబ్బ పడే ఇనుప దిమ్మ) మీద ఆని ఉండాలి, గాలిలో వేలాడకూడదు.

సాయంత్రానికి బోరు సగంలో ఆగితే బరువైన ఇనుప మూత వేసి, చుట్టూ కంచె కట్టండి. పూర్తయితే మట్టిని పొరలు పొరలుగా కూరుతూ నేలమట్టం దాకా నింపండి. అది 150 మిల్లీమీటర్ల రంధ్రమే కావచ్చు, పశువు కాలు విరగడానికి అంతే చాలు.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. రోడ్డుకు బాగా ఎడంగా, భద్రమైన చోట నిలబడండి. వంపులో వాహనం కనిపించిన క్షణం నుంచి మీ ఎదుటికి వచ్చేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో పది వాహనాలకు రాసుకోండి. వాటిలో అతి తక్కువ సంఖ్యను తీసుకోండి. 80 కిలోమీటర్ల వేగంలో 120 మీటర్లు దాటడానికి ఐదున్నర సెకన్లు పడుతుంది. మీ సంఖ్య అంతకంటే తక్కువైతే, అక్కడ డ్రైవర్లను ముందే హెచ్చరించే ఎర్రజెండా మనిషి వంపుకు ఆవలే నిలబడాలి.